ఇంట్లో వినపడని మాట



1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఒక సభ జరిగింది. తెలుగునాట ఊరూరా ఎవరికి వాళ్ళు గ్రంథాలయాలు పెట్టుకుని, చందాలు పోగుచేసుకుని నడుపుకుంటున్న వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టిన మొదటి సభ అది. కూర్చోబెట్టింది అయ్యంకి వెంకటరమణయ్యగారు. మన గోదావరి జిల్లాల్లోని కొంకుదురులో పుట్టిన మనిషి, అప్పటికి ఇంకా కుర్రవాడే. సభకి అధ్యక్షుడిగా ఆయన పిలిపించింది రాజమండ్రినుంచి చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని.

ఇక్కడే ఒక వింత ఉంది. చిలకమర్తివారికి చిన్నప్పటినుంచీ రేచీకటి. పెద్దయ్యేకొద్దీ ఉన్న చూపు కూడా తరిగిపోయింది. తోటి విద్యార్థులు పైకి చదువుతుంటే విని పాఠాలు పట్టుకున్నారు. తరవాత కాలంలో తాను చెబుతుంటే పక్కన ఇంకొకరు రాసుకోవలసి వచ్చింది. ఆయన 'గయోపాఖ్యానం' నాటకం లక్ష ప్రతులు దాటి అమ్ముడుపోయిందని చెప్పుకుంటారు. పుస్తకాల గురించి జరిగే సభకి తనంతట తాను పుస్తకం చదువుకోలేని మనిషి అధ్యక్షుడేమిటని ఎవరికీ అనిపించినట్టు లేదు. ఆ రోజుల్లో చదవడమంటే ఒకరు చదవడం, పదిమంది వినడం. భారతమో భాగవతమో ఒకాయన చదివి అర్థం చెబుతుంటే వీధరుగంతా నిండిపోయేది. పేపరొస్తే అక్షరం వచ్చినవాడు గొంతెత్తి చదివేవాడు, మిగిలినవాళ్ళు మధ్యమధ్యలో అడ్డుతగులుతూ వినేవారు. మీరూ నేనూ ఇప్పుడు చేస్తున్నది దాదాపు అదే. నా ముందు కాగితాలున్నాయి, మీకు వినికిడి ఉంది. కాకపోతే అడ్డుతగిలే వీలు మీకు లేదు, నాకదే ధైర్యం.

పుస్తకాలు చదివితే ఏం ఒరుగుతుందని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్ళూ అడుగుతారు గాని మనసులో అడుగుతారు. దానికి అలవాటైన జవాబులున్నాయి. జ్ఞానం పెరుగుతుంది, భాష బాగుపడుతుంది, మార్కులొస్తాయి, రాత్రిళ్ళు నిద్ర పడుతుంది. వీటిలో దేన్నీ కాదనను, నిద్ర సంగతి అసలే కాదనను. కానీ గోదావరి జిల్లాల్లో గత నూట యాభై ఏళ్ళలో పుస్తకం చేసిన పని చూస్తే నాకు ఇంకో లాభం పెద్దదిగా కనిపిస్తుంది. మన ఇంట్లో, మన వీధిలో, మనం రోజూ కలిసే నలుగురిలో ఎవరూ అనని మాటని తెచ్చి మన చెవిన వేసేది పుస్తకం. ఒప్పుకుంటామో లేదో తరవాత సంగతి. అలా కూడా అనుకోవచ్చునని ముందు తెలుస్తుంది.

ఆ కథ నీళ్ళతో మొదలుపెట్టాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు తవ్వారు, లాకులు కట్టారు, చేలకి నీళ్ళొచ్చాయి. గింజలు గాదెల్లోకి చేరాక, తినగా మిగిలిన కుటుంబాలు పిల్లల్ని బడికి పంపాయి. ఆనకట్ట పూర్తయిన ఇరవై రెండేళ్ళకి, 1874లో, రాజమండ్రి మనిషి కందుకూరి వీరేశలింగంగారు 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర నీళ్ళిచ్చాడు కాబట్టే మనకి పత్రికలొచ్చాయని అనను. అలా అంటే నీళ్ళు పారిన ప్రతి ఊళ్ళోనూ ఒక వీరేశలింగం పుట్టి ఉండాలి. కానీ కడుపు నిండని చోట ఇంత అచ్చుపని జరిగేది కాదు, అంతవరకు నిజం.

ఆ వీరేశలింగంగారికైనా ఇంట్లోవాళ్ళు చెప్పని సంగతులు ఎక్కణ్ణుంచి తెలిశాయి? చాలామటుకు పుస్తకాల్లోంచే. ఆచారం తప్పని కుటుంబంలో పుట్టి, కావ్యాలూ పురాణాలూ చదువుకుంటూ పెరిగిన కుర్రవాడి చేతికి ఎక్కడో కలకత్తాలో ఉన్న బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేన్ ఉపన్యాసాలు అచ్చులో వచ్చాయి. బ్రహ్మసమాజం వైపు ఆయన మనసు తిరగడానికి ఆ చదువు ఒక పెద్ద కారణం. కేశవచంద్రసేన్ వచ్చి రాజమండ్రి ఇన్నీసుపేటలో అద్దెకి దిగలేదు కదా. వచ్చింది కాగితం.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. డబ్బు సాయం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారిది. ఊరు వెలివేసింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చి వంట చేశారని చెబుతారు. ఆవిడకి చదువు చెప్పింది భర్తే. ఆడది అక్షరం పట్టుకుంటే ఇల్లు చెడుతుందని గట్టిగా నమ్మే రోజులవి. ఆ రోజుల్లోనే, 1883లో, వీరేశలింగంగారు ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' అని విడిగా ఒక పత్రిక పెట్టారు. ఇవాళ చదివితే అందులోని బోధ మనకి కొంచెం చాదస్తంగా అనిపించవచ్చు. పెట్టడమే అప్పటికి పెద్ద తెగింపు.

ఇక 'రాజశేఖర చరిత్రము'. 1878లో 'వివేకవర్ధని'లో రావడం మొదలై, 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' చదివి, ఆ దారిన రాసింది. ఇంగ్లండులో ఒక పల్లెటూరి మతగురువు కుటుంబం కథని రాజమండ్రిలో కూర్చుని చదివినాయనకి ధవళేశ్వరంలోని ఒక కుటుంబం కథ రాయాలని తోచింది. అప్పటిదాకా మన కావ్యాల్లో అయోధ్యలూ, ద్వారకలూ, హస్తినాపురాలూ. అచ్చులో చూసిన ధవళేశ్వరం చదివినవాళ్ళకి తెలిసిన ధవళేశ్వరమే. గోదావరి రేవు తెలుసు, పొగడడానికి చేరే జనం తెలుసు, శకునాలూ ముహూర్తాలూ తెలుసు. తెలియనిది ఒకటే, వాటిని బయటివాడిలా నిలబడి చూడడం. చిత్రమేమిటంటే ఆ పుస్తకాన్ని హచిన్సన్ అనే ఆయన ఇంగ్లీషులోకి మార్చితే 1887లో లండన్‌లో అచ్చయింది. అక్కణ్ణుంచి వచ్చిన ఊహ మన ఊరి బట్టలు కట్టుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళింది.

ఆ నవల్లో రాజశేఖరుడు మంచివాడు, కలిగినవాడు, పొగిడితే కరిగిపోయేవాడు. ఆయన ఇంటికి ఒక బైరాగి వస్తాడు. బంగారం చేసే విద్య తెలుసంటాడు. ఇంట్లో ఉన్న బంగారం తెస్తే దాన్ని రెట్టింపు చేస్తానంటాడు. తరవాతేమయిందో మీరు ఊహించగలరు. రాజశేఖరుడు ఊహించలేకపోయాడు, ఎందుకంటే ఆయన 'రాజశేఖర చరిత్రము' చదవలేదు.

నవ్వులాటకి అనడం లేదు. ఆ బైరాగి ఇప్పుడూ ఉన్నాడు. కాషాయం తీసేసి వాట్సాప్‌లోకి వచ్చాడు. వారంలో సొమ్ము రెట్టింపంటాడు. మొదట ఐదువేలకి ఆరువేలు నిజంగానే ఇస్తాడు, నమ్మకం కుదిరాక మొత్తం పట్టుకుపోతాడు. చదువుకున్నవాళ్ళు కూడా పోగొట్టుకుంటున్నారు కదా అంటారేమో. నిజమే, డిగ్రీలు బైరాగిని ఆపలేవు. కథ చేసే పని వేరు. బైరాగి ఇంటికి రాకముందే కథలో ఒకసారి వచ్చి వెళ్ళిపోతాడు. ముందు ఎలా మాట్లాడతాడో, ఎక్కడ పొగుడుతాడో, ఇంట్లో ఎవరి మాటని ఎవరు తోసిపుచ్చుతారో మనం పక్కనే కూర్చుని చూసి ఉంటాం. మోసపోవడం ఎలా ఉంటుందో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. అసలు బైరాగి వచ్చిననాడు ఈ గొంతు ఎక్కడో విన్నానే అని ఒక్క క్షణం ఆగుతాం. అన్నిసార్లూ ఆగుతామని పూచీ ఇవ్వలేను. ఆ ఒక్క క్షణమైనా దక్కుతుంది.

ఇంట్లో వద్దన్న చదువు ఏం చేస్తుందో చూడాలంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి సంగతి చెప్పుకోవాలి. 1891లో అనపర్తి దగ్గర పొలమూరులో పుట్టారు. వైదిక కుటుంబం. సంస్కృతం చదివి, పెద్దల దారిన నడవాలి. తెలుగు చదివితే ఉన్న పాండిత్యం కూడా పాడవుతుందన్న నమ్మకం ఇంట్లో. ఆ ఇంట్లోంచి వచ్చినాయన తెలుగుకి అంటుకుపోయి, తెలుగులో అంతకుముందు ఎవరూ రాయనంత చక్కగా ఆడవాళ్ళ మాటని కాగితమ్మీద పెట్టారు. ఈ బాధంతా ఆయన 'అనుభవాలూ-జ్ఞాపకాలూ'లో చెప్పుకున్నారు. తెలుగులో వచ్చిన ఆత్మకథల్లో దానికి సాటి మరొకటి నాకు కనబడదు. ఇది నా అభిమానం, మీరు కాదనవచ్చు.

ఆయన కథ 'అరికాళ్ళకింద మంటలు'లో రాజమండ్రిలో ఒక వితంతు పిల్ల ఉంటుంది. పుట్టింట్లోనే చాకిరీ. పిలుపుమీద పిలుపు, తిట్టుమీద తిట్టు. కథలో సగానికి పైగా ఆ పిలుపులే. శ్రీపాదవారు మధ్యలో దూరి అయ్యో పాపం అనరు. మనకే అరికాళ్ళు కాలుతాయి. ఆ పిల్ల చివరికి గడప దాటి వెళ్ళేది వీరేశలింగంగారి తోటకి. ఒక మనిషి పుస్తకాలు చదివి, పత్రిక పెట్టి, పెళ్ళిళ్ళు చేయించి, తోటలో ఆశ్రయం కట్టాడు. ఇంకో మనిషి ఆ తోటకి దారి చూపిస్తూ కథ రాశాడు. ఆ కథ ఏ ఇంటి గదిలోనో, తలుపు దగ్గరగా వేసుకుని, అలాంటిదే మరో పిల్ల చదివి ఉండదంటారా?

కథలు చదివితే ఎదుటివాడి మనసు తెలుస్తుందని నిరూపించాలని శాస్త్రవేత్తలూ ప్రయత్నించారు. న్యూయార్క్‌లో కిడ్, కస్టానో అనే ఇద్దరు 2013లో ఒక ప్రయోగఫలితం ప్రకటించారు. మంచి సాహిత్యకథ కాసేపు చదివితే చాలు, ఎదుటివాళ్ళ మనసులోది పట్టే శక్తి అప్పటికప్పుడే కొంచెం మెరుగవుతుందని. పత్రికలు పండగ చేసుకున్నాయి. తరవాత వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. నాకేమీ బాధ అనిపించలేదు. ఒక్క కథ చదివి లేచేసరికి మనిషి మారిపోతే, మన ఊళ్ళల్లో పురాణం విన్న ప్రతివాడూ ధర్మరాజు అయిపోవాలి. చదువు మనిషిలో పనిచేసేది ఏళ్ళమీద. దాన్ని ప్రయోగశాలలో గడియారం పెట్టి కొలవడం కష్టం.

పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' తీసుకోండి. ఆయనది అత్తిలి దగ్గర తిరుపతిపురం, కాకినాడ కాలేజీలో సైన్సు లెక్చరరుగా పనిచేశారు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో 1952లో ఈ కథకి రెండో బహుమతి వచ్చింది. కథలో ఒక పెద్దమనిషి ఉంటాడు, ఉపన్యాసాలిచ్చే మనిషి. ఏది మంచి, ఏది చెడు, ఎవరితో ఎంత దూరంలో ఉండాలి, అన్నిటికీ ఆయన దగ్గర లెక్కలున్నాయి. రైల్లో ఒక ముష్టి మనిషి ఎదురవుతుంది. ఆమెకి పైసా ఇవ్వడు, అది కూడా సిద్ధాంతమే. తరవాత గాలివాన వస్తుంది. మన కోస్తావాళ్ళకి గాలివాన సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి ఆ లెక్కలన్నీ ఏమయ్యాయన్నదే కథ. ముగింపు చెప్పను, చదవనివాళ్ళుంటే అన్యాయం చేసినట్టవుతుంది. చదివినవాళ్ళకి మాత్రం ఒక మాట. ఆ పెద్దమనిషి మీద మనకి కోపం రాదు, గమనించారా? ఆయన మనకి బాగా తెలిసినవాడు. కొంచెం అద్దంలో చూసినట్టు కూడా ఉంటాడు.

ఇంతవరకు చెప్పినవాళ్ళంతా ఎంతో కొంత చదువు దక్కినవాళ్ళు. చదువు మధ్యలోనే ఆగిపోయినవాళ్ళ సంగతేమిటి? రంగనాయకమ్మగారు 1939లో పశ్చిమగోదావరిలో, తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడిలో పుట్టారు. ఎస్సెల్సీతో చదువు ఆగిపోయింది, పైకి చదివించే స్తోమత ఇంట్లో లేదు. ఆ తరవాత చదువంతా పుస్తకాలదే. నవలలతో మొదలుపెట్టిన ఆవిడ, కాలేజీ గుమ్మం తొక్కకుండానే, మార్క్స్ రాసిన 'కాపిటల్'ని సంపుటాలుగా మామూలు తెలుగువాళ్ళకి పరిచయం చేసేదాకా వెళ్ళారు. ఆవిడ చెప్పేవాటితో మీకు గొడవ ఉండవచ్చు, చాలామందికి ఉంది. బడి వదిలిన దగ్గర చదువు ఆగనక్కర్లేదు అన్నదానితో గొడవపడడం మాత్రం కష్టం.

ఇన్ని మాటలు చెవిన పడాలంటే పుస్తకం అందుబాటులో ఉండాలి కదా. మన వాళ్ళు దానికీ దారి వేశారు. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే వీరేశలింగకవి సమాజ గ్రంథాలయం పెట్టారు. భూపతిరాజు తిరుపతిరాజుగారి పూనిక అది. ఒక పల్లెటూరు, అందులో వీరేశలింగంగారు బతికుండగానే ఆయన పేర గ్రంథాలయం! మరుసటి ఏడు, 1898లో, రాజమండ్రిలో నాళం కృష్ణారావుగారు పుస్తకాలు పోగుచేశారు. వసురాయకవి పేర ఒకటి, రత్నకవి పేర ఒకటి చిన్న గ్రంథాలయాలుండేవి. ఆ రెండూ కలిసి తరవాత గౌతమీ గ్రంథాలయమయ్యాయి. అక్కడ తాళపత్రాలున్నాయి, పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే పాత పత్రికలున్నాయి.

ఆ గ్రంథాలయాలకి మనుషులు దొరికిన తీరు కూడా చిత్రమే. 1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడినప్పుడు తెలుగు చేసింది చిలకమర్తివారే. ఆ వేడిలో వందేమాతరం అన్నందుకు ట్రెయినింగ్ కాలేజీనుంచి వెళ్ళగొట్టిన విద్యార్థుల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఒకరు. కాలేజీ తలుపు మూసేస్తే ఆ మనిషి తరవాత గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కయ్యారు, వయోజనుల చదువు కోసం తిరిగారు. కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలు పడవకెక్కించి కాలువమీద ఊరూరా తిప్పించారు. మన కాలువలమీద ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు ప్రయాణం చేశారు గాని, ఆ పడవ గ్రంథాలయం మాత్రం కృష్ణవాళ్ళది. ఒప్పుకోవాలి.

ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. నేనూ చదువుతాను. అందులో నాకు నచ్చని సంగతి ఒక్కటే. మనం నిన్న ఏది మెచ్చుకున్నామో పసిగట్టి ఇవాళ అదే తెచ్చి పెడుతుంది. మన కోపానికి ఇంకాస్త కోపం, మన నమ్మకానికి ఇంకో నమ్మకం. మన వీధిలో మాటే వెయ్యి నోళ్ళతో వినపడుతుంది. గ్రంథాలయంలో బీరువాకి మనమెవరో తెలియదు. భక్తి పుస్తకం కోసం చెయ్యి చాపితే పక్కన నాస్తికుడి పుస్తకం తగులుతుంది. పద్యం కోసం వెళ్ళినవాడికి తేనెటీగల పెంపకం దొరుకుతుంది. అక్షరక్రమంలో పెట్టిన వరసకి మన కులమూ పార్టీ తెలియవు.

ఇప్పుడు మన శాఖా గ్రంథాలయాల్లో ఎక్కువగా కనిపించేది పోటీపరీక్షలకి తయారయ్యే కుర్రాళ్ళు, అమ్మాయిలు. ఇంట్లో కూర్చోడానికి చోటుండదు, ఇక్కడ ఫ్యానూ బల్లా ఉన్నాయి. పొద్దున్నే వచ్చి డీఎస్సీకో, గ్రూప్-2కో చదువుకుంటారు. కొందరు పెద్దలు పెదవి విరుస్తారు, ఇదేం చదువు అని. నాకు ఆ విరుపు నచ్చదు. ఉద్యోగం కోసం చదవడంలో చిన్నతనం లేదు, ఈ జిల్లాల్లో తరతరాలుగా చదివింది ఎక్కువగా దానికోసమే. మధ్యాహ్నం బిట్లు చదివి తల బరువెక్కినప్పుడు లేచి, నాలుగడుగులు వేసి, వెనక బీరువాలోంచి ఒక కథల పుస్తకం తీస్తే పరీక్షకి వచ్చే నష్టమేమీ ఉండదు.

పోనీ మీరు గ్రంథాలయం గుమ్మం ఎక్కి చాలా ఏళ్ళయిందనుకుందాం. మొహమాటం అక్కర్లేదు. ఇంటిపన్ను రసీదు ఉంటే ఒకసారి తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను అని ఒక వరస ఉంటుంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. 1960లో చేసిన గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేస్తున్నారు. చదివినా కడుతున్నాం, చదవకపోయినా కడుతున్నాం. కాబట్టి రేపో ఎల్లుండో అటు వెళ్ళినప్పుడు శ్రీపాదవారి కథలు అడగండి, పద్మరాజుగారి 'గాలివాన' ఉన్న సంపుటి అడగండి. మీకు బొత్తిగా గిట్టని రచయిత పుస్తకం కూడా ఒకటి అడగండి. లేవంటే తెప్పించమనండి. డబ్బు మీరిచ్చిందే.